ఒక ప్రోటీనూ, ఒక మేనరికమూ

ఈమధ్య బయోటెక్నాలజీ చదివే పిల్లలు ఇంటికొచ్చి, "మేడమ్, మీ రోజుల్లో జెనెటిక్స్ ఎలా ఉండేదండీ?" అని అడుగుతున్నారు, నేనేదో డైనోసార్ల పక్క బెంచీలో కూర్చుని చదువుకున్నట్టు. ఏదో ఒకటి విసుక్కుని, కాఫీ ఇచ్చి పంపించేస్తున్నాను. నిజంగా చెప్పాల్సిన జవాబు కాస్త పెద్దది. రిటైరయ్యాక తీరికే తీరిక కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. ఇల్లు ఏలూరులో. పొద్దున పాసింజరు, సాయంత్రం పాసింజరు. నా ఉద్యోగంలో సగం ఆ బండిలోనే గడిచిందంటే అబద్ధం కాదు. పేపర్లు దిద్దింది అందులోనే, చిక్కుడుకాయలకి ఈనెలు తీసింది అందులోనే, ప్రిన్సిపాలుగారిని తిట్టుకున్నదీ అందులోనే. నాకు కోపం ఎక్కువని కాలేజీలో పేరు. నిజమే. కణం బొమ్మ గీయమంటే కోడిగుడ్డు గీసి తెచ్చే పిల్లల మీద రాక ఇంకెవరి మీద వస్తుందండీ కోపం?

సిలబస్‌లో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ గురించి ఒక చిన్న పాఠం ఉండేది. కణం మధ్యలో ఉన్న డీఎన్‌ఏ నుంచి ఒక నకలు బయటికొస్తుంది, ఆ నకలు చూసుకుని కణం తనకి కావలసిన ప్రోటీను తయారుచేసుకుంటుంది. పరీక్షకి అది చాలు. అయితే ఆ నకలు దారిలో ఒంటరిగా పోదు. దాన్ని పట్టుకుని కొన్ని ప్రోటీన్లు వెంట నడుస్తాయి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు పని మొదలెట్టాలో అవే చూస్తాయి. ఈ సంగతి మా పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం. పరీక్షలో ఎప్పుడూ రాదు కాబట్టి పిల్లలూ నేనూ కూడా దాని మీదుగా నిశ్చింతగా దాటుకుంటూ పోయేవాళ్ళం.

కొల్లేట్లో గవర్నమెంటువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది అనుకుంటాను, మా కాలేజీలో ఇంటర్ చదివిన కుర్రాడొకడు పెద్ద చదువులు పూర్తిచేసుకుని ఏలూరులో పిల్లల డాక్టరుగా బోర్డు పెట్టాడు. తెలివైనవాడు, మంచివాడు. ఉన్నది ఒకటే లోపం, నోరు తెరిస్తే ఇంగ్లీషు. తెలుగులో చెప్పవయ్యా అంటే అదే ఇంగ్లీషు చివర 'అన్నమాట' అని తగిలించి చెప్పేవాడు.

ఒక ఆదివారం ఫోను చేశాడు.

"మేడమ్, ఒక ఫ్యామిలీ ఉందండీ. కలిదిండి దగ్గర పల్లెటూరు. బాబు చాలా లేటుగా మాట్లాడాడు, స్కూలువాళ్ళు ఉంచుకోలేమంటున్నారు. హైదరాబాదు ల్యాబుకి బ్లడ్ పంపించాను. ఫ్రాజైల్ ఎక్స్ అన్నమాట. ఒక ప్రోటీన్ తయారవ్వట్లేదు. ఎన్నిసార్లో ఎక్స్‌ప్లెయిన్ చేశానండీ."

"ఏవయ్యా డాక్టరూ, చెప్పేస్తే ఇంక నాకెందుకు ఫోను?"

"వాళ్ళకి ఎక్కలేదండీ. ప్రోటీన్ లేదన్నానని రోజూ కోడిగుడ్లూ, పెసరపప్పూ, చేపలూ కూరి కూరి పెడుతున్నారు. వాడు వాంతులు చేసుకుంటున్నాడు. మీరొచ్చి తెలుగులో చెప్పాలండీ."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. రానంటే రానన్నాను. అప్పటికే వాడు నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితాల కట్ట మా ఇంటికి పంపించేశాడని తర్వాత తెలిసింది. నా దగ్గర చదువుకున్నవాడు కదా, నన్ను కూడా చదివేశాడు.

ఆ కాగితాలు పాసింజర్లో చదివాను. చదువుతూ చదువుతూ ఒకరోజు తాడేపల్లిగూడెంలో దిగడం మర్చిపోయాను. పుస్తకంలో నేను దాటుకుంటూ పోయిన ఆ ఒక్క వాక్యమే అది. మెదడు కణాల్లో నకళ్ళని పట్టుకుని దూరంగా ఉన్న కొమ్మల చివరిదాకా తీసుకెళ్ళే ప్రోటీను. తీసుకెళ్ళి ఊరుకోదు, "ఆగు, ఇప్పుడే కాదు" అని ఆపి ఉంచుతుంది. అవసరం వచ్చినప్పుడు వదులుతుంది. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న పిల్లల్లో ఆ ప్రోటీనే లేదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. మగపిల్లాడికి ఉన్న ఒక్క ఎక్సూ తల్లి దగ్గర్నుంచి వస్తుంది. అందుకని తల్లి రక్తం కూడా చూశారు. ఆమె ఆరోగ్యంగానే ఉంది గానీ, ఆమె జన్యువులో ఆ లోపం సగం దాకా తయారై ఉంది. కొడుకు దగ్గరకొచ్చేసరికి పూర్తయింది.

వస్తానని డాక్టరుకి ఫోను చేసి, మర్నాడు సాయంత్రం బండి దిగి సరాసరి క్లినిక్‌కి వెళ్ళాను. ముగ్గురు కూర్చుని ఉన్నారు. బాబు, వాడి తల్లి, ఒక పెద్దావిడ. పొడుగు మొహం, పెద్ద చెవులు, చూడముచ్చటైన పిల్లాడు. నేను పలకరించగానే మొహం గోడకేసి తిప్పేసుకుని, "బండొచ్చిందా? బండొచ్చిందా?" అని గోడని అడిగాడు.

"వచ్చిందిరా నాన్నా. నేను దాంట్లోనే వచ్చాను" అన్నాను. వాడు నావైపు చూడలేదు గానీ, కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. నేను వాడికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాను. ఎదురుగా మొహాలు వాళ్ళకి కష్టమని కాగితాల్లో చదివాను మరి.

పెద్దావిడ బాబు తల్లికి అమ్మమ్మ. అత్తగారు కూడా ఆవిడే. కంగారు పడకండి, మా వైపు ఇలాంటి వరసలు మామూలే. ఆ అమ్మాయిని సొంత మేనమామకిచ్చి చేశారు. అతను చెరువు లీజు పోయాక ఇంకొకరి చెరువుల మీద చేపలకి మేత సంచులు కట్టే పనికి కుదిరాడు. ఆ రోజు రాలేకపోయాడు.

నేను కాగితమ్మీద కణం బొమ్మ గీశాను. తల్లి వంగి చూసి, "ఇదేనండీ, రోజుకి రెండు పెడతన్నానండీ" అంది.

డాక్టరు దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను కాగితం నలిపి బుట్టలో పడేశాను. బ్లాకుబోర్డు పాఠం ఇక్కడ పనికిరాదని అర్థమైంది.

"అమ్మా, పెళ్ళి భోజనాల్లో బంతి దగ్గర ఒక పెద్దమనిషి నిలబడతాడు చూశావా? వడ్డించే కుర్రాళ్ళని కేకలేస్తూ? పప్పు ఇంకా చివరిదాకా వెళ్ళలేదు, పులుసు అప్పుడే తేకండ్రా, పెరుగు బకెట్టు అక్కడే ఆపండ్రా, అని?"

"ఉంటారండీ. మా పెదనాన్నది ఎప్పుడూ అదే పనండీ."

"ఆయన ఏమీ వండడు. ఒక్క గరిటె కూడా వడ్డించడు. అయినా ఆయన లేకపోతే?"

ఆలోచించింది. "అన్నీ ఒకేసారి తెచ్చి విస్తట్లో పోసేత్తారండీ. పప్పులో పాయసం, పాయసంలో పెరుగు."

"తినేవాడికి ఎలా ఉంటుంది?"

"ఏడుపొత్తదండీ."

"మీ బాబు బుర్రలో అన్ని వంటలూ ఉన్నాయమ్మా. బాగా వండినవే. ఆపే పెద్దమనిషి ఒక్కడే రాలేదు. చప్పుళ్ళూ, మొహాలూ, మాటలూ అన్నీ వాడి విస్తట్లో ఒకేసారి పడిపోతున్నాయి. అందుకే మొహం తిప్పేసుకుంటాడు, అందుకే ఒకే మాట పట్టుకుని వేలాడతాడు. పొగరు కాదు, మొండితనం కాదు. డాక్టరుగారు చెప్పిన ప్రోటీను ఆ పెద్దమనిషే. గుడ్లు పెడితే రాడమ్మా ఆయన."

శాస్త్రవేత్తలు ఈ పోలిక వింటే నా మీద విరుచుకుపడతారు. పడనివ్వండి. ఆ తల్లికి అర్థమైంది. పిల్లాడి వీపు మీద చెయ్యి వేసి, "మాట ఇనట్లేదని కొట్టేదాన్నండీ" అని కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి అసలు ప్రశ్న అడిగింది.

"నా దగ్గర్నుంచే వచ్చిందని డాక్టరుగారన్నారండీ. అంటే నా వల్లేనాండీ?"

నేను నోరు తెరిచేలోపు పెద్దావిడ అందుకుంది.

"దాన్ననకండమ్మా. అది నేను చేసిన పని."

మెల్లగా, ఎవరి మీదా కోపం లేకుండా చెప్పింది. ఆవిడకి ఒక కూతురు, ఒక కొడుకు. కూతుర్ని భీమడోలులో ఒక లెక్కల మాస్టారికిచ్చి చేసింది. ఆ కూతురు ఒక ఆడపిల్లని కని, అది పెద్దదవకముందే జ్వరమొచ్చి పోయింది. "కూతురెలాగూ పోయింది. దాని పిల్లయినా నా కళ్ళ ముందుంటాదని నా కొడుక్కి చేసుకుంటానన్నానండీ. అల్లుడుగారు వద్దంటే వద్దన్నారు. చదువుకున్నాయన కదండీ, మేనరికం చేస్తే పిల్లలు అవకరంగా పుడతారని చెప్పారు. నేనింటేనా! ఏడ్చాను, అన్నం మానేశాను, ఆయన్ని ఒప్పించేదాకా ఊరుకోలేదు. ఇదిగో, ఇలాగయ్యింది."

"అప్పట్నుంచీ అమ్మమ్మ ఎవరి పెళ్ళికీ రాదండీ" అంది ఆ అమ్మాయి. "సొంత అక్కగారి మనవరాలి పెళ్ళికి కూడా రాలేదు. నా చేత్తో అక్షింతలు పడితే ఏమవుద్దో అంటదండీ. నాన్నగారేమో బాబు అందరిలా లేడని తెలిసిన కాణ్ణుంచీ మా గుమ్మం తొక్కలేదు. అమ్మమ్మతో మాటల్లేవు."

నేను ఆవిడ పక్కకి జరిగాను. "అమ్మా, మేనరికం వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి. లేవనను. కానీ ఇది ఆ బాపతు కాదు. దీనికీ మీరు చేసిన పెళ్ళికీ సంబంధం లేదు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని నవ్వింది. ఎంత మర్యాదగల నవ్వో! "మీరు దయగల తల్లి. నా మనసు కష్టపెట్టకూడదని చెబుతున్నారు" అంది. ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. ముప్పూటలా తనకి తానే శిక్ష వేసుకుంటున్న మనిషి. చెయ్యని నేరానికి. నోటి మాటగా చెబితే నమ్మదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించగలిగితే?

డాక్టరుతో అదే అన్నాను. వాడి లెక్క తేలిగ్గా ఉంది. ఆ అమ్మాయికి రెండు ఎక్స్‌లు, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తల్లి చనిపోయింది. తండ్రి ఉన్నాడు. ఆయన రక్తం చూస్తే తేలిపోతుంది.

భీమడోలు వెళ్ళాం. స్టేషనుకి దగ్గరే ఇల్లు. మాస్టారు ఒంటరిగా ఉంటున్నారు, వంట ఆయనే. ఇస్త్రీ పంచె, గోడల నిండా పుస్తకాలు, అన్నీ ఎత్తుల వారీగా సర్ది. మనవడి సంగతి ఎత్తగానే గొంతు గట్టిపడింది.

"ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకి చెప్పేవాణ్ణమ్మా, మేనరికాలు వద్దని. ఊరందరికీ చెప్పి, ఇంట్లో ఓడిపోయాను. ఆవిడ ఏడుపు ముందు సైన్సు ఏం నిలబడుతుంది? ఇప్పుడు నా కూతురు ఏడుస్తోంది."

అంటూనే లేచి కాఫీ తెచ్చారు. గోడ పట్టుకుని నడిచారు. కాళ్ళు ఎడంగా వేసి, పడవలో నడిచినట్టు. గ్లాసులు పళ్ళెంలో టకటకా కొట్టుకున్నాయి, నా చేతికొచ్చేసరికి సగం కాఫీ పళ్ళెంలోనే ఉంది. నేను డాక్టరు వైపు చూశాను. వాడు అప్పటికే ఆ చేతుల్నే చూస్తున్నాడు. కాగితాల కట్ట అడుగున ఉన్న ఒక కాగితం ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. సగం లోపం ఉన్న మగవాళ్ళు బాగానే చదువుకుంటారు, బాగానే సంసారం చేస్తారు. అరవై దాటాక కొందరికి చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది. అప్పటికి అది కొత్తగా బయటపడ్డ సంగతి. పెద్దపెద్ద డాక్టర్లకే తెలియదు.

"మీ రక్తం కొంచెం కావాలండీ మాస్టారూ. బాబుకి ఇది ఎటునుంచి వచ్చిందో చూడాలి" అన్నాడు డాక్టరు.

"నిక్షేపంగా తీసుకోండి బాబూ. చదువు చెప్పిందే నిజమని తేలుతుంది" అని చొక్కా చెయ్యి పైకి మడిచారు. ఆ మడత పెట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

హైదరాబాదు నుంచి జవాబు రావడానికి వారాలు పట్టింది. ఈలోగా కాలేజీలో మా బోటనీ మేడమ్ నన్ను "డాక్టరమ్మగారూ, మా మోకాలు చూస్తారా" అని ఏడిపించుకు తినేది. జవాబొచ్చిన రోజు డాక్టరు కాలేజీకే కారేసుకుని వచ్చేశాడు. మేం అనుకున్నదే. మాస్టారి దగ్గర్నుంచే వచ్చింది.

వాడు తెగ ఉత్సాహంగా ఉన్నాడు. అలాంటి కేసు మా జిల్లాలో ఎవరూ పట్టుకుని ఉండరు కదా. "మేడమ్, అందర్నీ క్లినిక్‌కి పిలిచేస్తానండీ. పెద్దావిడ, మాస్టారు, అందరూ. ఒకే సిట్టింగ్‌లో క్లియర్ చేసేద్దాం."

"నీ మొహం సిట్టింగు! పంచాయితీ పెడతావా? నలుగురి మధ్య ఆ మనిషిని నిలబెట్టి నేరం నీదయ్యా అంటావా? అది ఆయన రక్తం. ముందు ఆయనకే చెప్పాలి. ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెబుతాం, వద్దంటే నోరు మూసుకుంటాం."

"వద్దంటే? మరి ఆ పెద్దావిడ?"

చిన్నపిల్లాడిలా అడిగాడు గానీ సరిగ్గా అసలు చోటే అడిగాడు. ఆవిడకి విడుదల ఆయన నోట్లో ఉంది. ఆయనో, తనదే రైటని ఇన్నేళ్ళూ గుమ్మం తొక్కకుండా కూర్చున్న మనిషి. నేనాయన స్థానంలో ఉంటే చెబుతానా? ఏమో. నాలాంటి మొండిదాన్ని నమ్మలేం.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి భీమడోలు వెళ్ళాను. డాక్టరుని మాట్లాడొద్దని కారులోనే ఒట్టు వేయించుకున్నాను.

ముందు చేతుల గురించి చెప్పాను. ఆ వణుకు, ఆ తూలడం ఒక జబ్బనీ, దానికి పేరుందనీ.

మాస్టారు చాలాసేపు తన చేతుల్ని చూసుకున్నారు. "సాయంత్రాలు బజారుకెళ్ళడం మానేశానమ్మా" అన్నారు. "తూలుతున్నానని నవ్వుతున్నారు. నా దగ్గర చదువుకున్న పిల్లలే. మాస్టారు ఈ వయసులో మొదలెట్టారని. జీవితంలో చుక్క ముట్టనివాణ్ణి. ఎవరికని చెప్పుకోను?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహంలో మాత్రం వెలుగు. "అయితే నేను తాగుబోతుని కానన్నమాట. సర్టిఫికెట్ ఉందన్నమాట."

"ఉందండీ."

"ఎందుకొస్తుందమ్మా ఇది?"

ఇంక తప్పదు. చెప్పాను. మనవడిలో ఆ ప్రోటీనే లేదు. ఈయనలో ప్రోటీను ఉంది, కానీ దాన్ని తయారుచేసే నకళ్ళు మితిమీరి పుట్టుకొస్తున్నాయి. అవి పోగుపడి, వేరే పనులు చూసుకోవాల్సిన ప్రోటీన్లని తమలో ఇరికించుకుంటున్నాయి. ఏళ్ళ తరబడి అలా జరిగి జరిగి, చేతుల్నీ నడకనీ అదుపులో పెట్టే కణాలు అలిసిపోతున్నాయి. జన్యువు ఒకటే. లోపమూ ఒకటే, ఆయన దగ్గర చిన్నది, మనవడి దగ్గర పెద్దది.

లెక్కల మాస్టారు కదా, ఇంకో మెట్టు నేను చెప్పనక్కర్లేకపోయింది.

"నా నుంచి అమ్మాయికి. అమ్మాయి నుంచి వాడికి."

"ఔనండీ."

"మేనరికం?"

"దీనికి సంబంధం లేదండీ. మీ అమ్మాయిని బయటి సంబంధానికిచ్చి చేసినా బాబుకి ఇది రావడానికి అంతే అవకాశం ఉండేది."

గూడ్సు బండి ఒకటి పోతోంది. అది పూర్తిగా పోయాక ఆయన అడిగారు.

"ఆవిడకి చెప్పారా?"

"లేదండీ. ముందు మీకే."

"చెప్పకుండా ఉండొచ్చా?"

ఆ పెద్దావిడ నవ్వు కళ్ళ ముందు నిలబడింది. అయినా ఆయన ఇష్టమేనని డాక్టరుతో అన్నది నేనే కదా. "ఉండొచ్చండీ. మీ ఇష్టం. మేం ఎవరితోనూ అనం" అన్నాను.

ఆయన లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. డాక్టరు ఒట్టు మీద ఉన్నాడు కాబట్టి గోళ్ళు కొరుక్కోవడం తప్ప వేరే దారి లేదు. వెళ్ళిపోదామా అని సైగ చేశాడు. కూర్చోమని కళ్ళెర్రజేశాను. ఎంతసేపటికో తలుపు తెరుచుకుంది. మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చారు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పి పెట్టుకున్నారు. మా డాక్టరు మాట్లాడకుండా ఆయన ముందు నిలబడి, ఒక్కొక్క గుండీ విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టాడు. మంచి డాక్టరే అవుతాడు వీడు అనుకున్నాను మొదటిసారి.

"పదండమ్మా" అన్నారు మాస్టారు. "ఉత్తరం రాద్దామనుకున్నాను. చెయ్యి సాగలేదు. అయినా ఇది ఉత్తరంలో చెప్పే మాట కాదు."

ఏలూరు మీదుగా కొల్లేరు దాటి వెళ్ళాం. రెండువైపులా నీళ్ళు, కొట్టేసిన గట్ల మీద కొంగలు. దారంతా ఆయన ఒక్కటే మాట అన్నారు. "ఆవిడ బయటికి వస్తుందంటారా?"

ఇంటి వెనకే చెరువు. బాబు తండ్రి మేత సంచుల్లో తవుడు నింపుతున్నవాడల్లా కారు చూసి, దిగిన మనిషిని చూసి, తవుడు చేతుల్తోనే పరుగెత్తుకొచ్చాడు. "ఆయ్, బావగారండీ! రండి రండి!" అన్నాడు. పిల్లనిచ్చిన మామగారే అయినా నోటికి అక్కమొగుడన్న పాత వరసే అలవాటు. మాస్టారి కూతురు గుమ్మంలో కొయ్యబారిపోయి, తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్దావిడ మాత్రం చప్పున వంటింటి తలుపు చాటుకెళ్ళిపోయింది. అల్లుడి ఎదురుగా అత్తగారు నిలబడకపోవడం మా వైపు పాత మర్యాద. మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒకటి తలుపు పక్కనుంచి బయటికొచ్చింది. మనవరాలు అందుకుని తండ్రికిచ్చింది.

గ్లాసులో నీళ్ళు ఎగిరెగిరి పడుతుంటే బాబు దగ్గరకొచ్చి, కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, ఆ నీళ్ళని చూసి కిలకిలా నవ్వాడు. తాతగారు వణికించి చూపిస్తున్నారనుకున్నాడు కాబోలు. మాస్టారు వాడి నవ్వు ఆగేదాకా గ్లాసు కింద పెట్టలేదు. తర్వాత తలుపు వైపు తిరిగారు.

"అత్తయ్యగారూ."

తలుపు చాటున చీర అంచు కదిలింది.

"మేనరికం కాదండీ. మీరు చేసిన పెళ్ళి వల్ల కాదు. వీడి జబ్బు నా దగ్గర్నుంచి వచ్చింది. నా రక్తంలో ఉంది, డాక్టరుగారు పరీక్ష చేశారు. ఈ చేతుల వణుకు కూడా అదే. మీరు చేసిన తప్పల్లా మీ అమ్మాయిని నాకివ్వడమే."

బాబు తండ్రి చేతుల మీది తవుడు దులుపుకోవడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. నేను చెబితే నవ్వి ఊరుకున్న మనిషి ఈసారి నవ్వలేదు. లోపలినుంచి గొంతు వచ్చింది, నెమ్మదిగా.

"అల్లుడుగారూ, అది మీరు తెలిసి చేశారాండీ?"

"లేదండీ."

"నేను తెలిసి చేశానాండీ?"

"లేదండీ."

"మరి నన్ను తప్పుపట్టినప్పుడు ఆ మాట అనలేదు కదండీ మీరు."

అంతే అంది. గొంతు పెంచలేదు. నాకు తెలిసి ఇన్నేళ్ళలో ఆవిడ ఆడిన నిష్ఠూరం అదొక్కటే. మాస్టారి మొహం పాలిపోయింది.

"అనలేదండీ. తప్పయిపోయింది నాది" అని ఆవిడ కాళ్ళకి దణ్ణం పెడదామని కాబోలు, కుర్చీలోంచి గభాల్న లేచి తలుపు వైపు రెండడుగులు వేశారు. కాళ్ళు నిలవలేదు. ముందుకి తూలిపోయారు. మేం లేచేలోపు ఆవిడ తలుపు దాటి వచ్చేసింది. మర్యాదా లేదు, చాటూ లేదు, రెండు చేతుల్తో ఆయన భుజాలు పట్టుకుని ఆపేసింది. ఆ బక్కపల్చటి మనిషికి అంత బలం ఎక్కడిదో! ఆయన్ని మెల్లగా తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. మాస్టారు తల వంచుకుని వెక్కివెక్కి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా డాక్టరు బయటికెళ్ళి కారు అద్దం తుడవడం మొదలెట్టాడు.

ఆవిడ ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఆ వణుకుని చాలాసేపు చూసింది.

"ఊరుకోండి అల్లుడుగారూ. ఇన్నేళ్ళూ ఈ నింద నేనే మోశాను, నాకు అలవాటైపోయిందండీ. మీ చేతులా, ఇలా వణుకుతున్నాయి. మీరేం మొయ్యగలరండీ? నా దగ్గరే ఉండనివ్వండి."